కిన్నెరసాని: పాటయు, ఏఱును

మొన్నటి వానకాలమున నొకనాఁడు తొమ్మిదవ తరగతిలో విశ్వనాథ సత్యనారాయణగారి ‘కిన్నెరసాని పాటలు’ చదివి వినిపించుచుంటిని. అది పాఠ్యపుస్తకములోని పాఠము కాదు. వాన విడువక కురియుచుండుటచేఁ బిల్లలలో సగముమంది రాలేదు; వచ్చినవారికి వ్యాకరణము చెప్పుటకు నాకు మనసొప్పలేదు. కిన్నెర గోదావరిలోఁ గలియు ఘట్టము ముగించి పుస్తకము మూయఁగానే వెనుకబల్లనుండి యొక బాలిక లేచి, “సారూ, కిన్నెరసాని పోయి గోదారిల కలుస్తదని చదివిన్రు గదా. గోదారి పెద్దగొచ్చినప్పుడు మా ఊరికాడ అది ఎనకకే వస్తది. ఇండ్లల్లకు వస్తది” అనెను. ఆ బాలికది బూర్గంపాడు వైపు గ్రామము. తరగతి నవ్వినది. నాకు నవ్వు రాలేదు. ఇరువది సంవత్సరములుగా నీ పాటలను జదువుచుఁ జదివించుచు నున్న నాకు, వానికి నాయికయైన నది యెప్పు డే దిక్కునకుఁ బాఱునో యా పిల్లకుఁ దెలిసినంత తెలియదు. ఈ వ్యాసమున కదియే కారణము.

కథ చదువరు లెఱిఁగినదే. ఉమ్మడి కాపురము. అత్త కోడలిపై నింద మోపినది. మగఁడు తల్లి కెదురు చెప్పలేక నోరు మూసికొనెను. కోడలు కోపమునను దుఃఖమునను ఇల్లు వెడలి యడవి పట్టినది. అప్పు డతఁడు పరువెత్తిపోయి కౌఁగిలించుకొనఁగా నామె యతని చేతులలోనే కరఁగి నీరై పాఱినది. అతఁడు శోకముచే శిలయై కొండగా నిలిచినాఁడు. ఆ మీఁదఁ బతిని విడిచి పోలేని యామె తడఁబాటు, ఆమెపై సముద్రుని మోహము, గోదావరి కరుణ. 1895లో జన్మించిన కవి తన యౌవనములో వ్రాసిన పాటలివి. ఇంటింటఁ గోడండ్రు కంటఁ దడి పెట్టు దేశములో నొక కవి యా కన్నీటికి నదియని పేరిడి, నదికి నా కోడలి నడక నిచ్చి, యిద్దఱిని మఱవరానివారిగాఁ జేసినాఁడు. తేటతెనుఁగు మాటలతో, పాడుకొనఁదగిన నడకతో నంత పని చేసిన రచనలు మనకుఁ బెక్కు లేవు.

ఐనను సంస్కరణాభిలాషులకు నిందొక ముల్లు గ్రుచ్చుకొనును. మగఁడు మాటాడవలసిన వేళ మాటాడలేదు. అతనికి గొంతు వచ్చినది భార్య కరఁగిపోయిన తరువాతనే. కవి యతనిని గొండఁ జేసి మన్నించెను. కవితోపాటు మనమును మన్నించితిమి. అత్తగారు మాత్రము కొండయుఁ గాలేదు, నదియుఁ గాలేదు. ఆమె నేఁటికిని మన యిండ్లలోనే యున్నది. పాట విని కంట నీరు పెట్టుకొన్న గృహస్థు లెందఱో, ఆ సాయంకాలమే తమ యింటఁ దల్లికిని భార్యకును నడుమ మౌనముగాఁ గూర్చుండుట నే నెఱుఁగుదును. నేనును గూర్చుంటిని గనుక నింతకంటె నెక్కువ చెప్పను.

నా ఫిర్యాదు వేఱు. అది కవిమీఁదఁ గాదు, మనమీఁద. ఒక పాట మనకు నదిని బరిచయము చేసెను. ఆ పాటతోనే నది తెలిసినదనుకొని మన మచ్చటనే నిలిచిపోయితిమి. విశ్వనాథవారి తరువాతఁ గిన్నెరసాని పేరెత్తినవారిలోఁ బెక్కండ్రు నదిని జూచి వ్రాసినవారు కారు, ఆ పాటలను జూచి వ్రాసినవారు. ఆ పేరు చలనచిత్రగీతములలోనికిని బోయినది, ఆఁడుబిడ్డలకు ముద్దుపేరైనది. ఇంతటి వాడుకలోఁ దడి యొక్కటియు లేదు. ఆ పేరుగల యేఱెక్కడఁ బుట్టునో, వేసవిలో నేమగునో, దాని యొడ్డున నే చెట్టు పెరుగునో, రాత్రి నీటికి వచ్చు మృగ మేదియో యడిగిన, కొత్తగూడెములోఁ బుట్టి పెరిగిన విద్యావంతుఁడు సయితము ఆనకట్టను జూచి వచ్చితిమని మాత్రము చెప్పును.

కిన్నెరసాని తాడ్వాయి, మేడారము కొండలలోఁ బుట్టును. ఆ ప్రాంతము నేఁడు ములుగు జిల్లాలోనిది. అచటినుండి యాగ్నేయముగా నడవులవెంట దిగి, గుండాల సీమ దాఁటి, పాల్వంచ దగ్గఱ యానంబైలువద్ద ఆనకట్ట కాని, యా దిగువను గోదావరివైపు సాగును. నిడివి నూఱు కిలోమీటర్లకు లోపే. దారిలో నందుఁ గలియు వాగుల పేళ్లే యొక కావ్యము. గుండాలవైపు ఏడుమెలికల వాగొకటి యున్నది. ఆ పేరు పెట్టినవాఁడు దానివెంట నడచినవాఁ డనుట కింకొక సాక్ష్యమేల? కొత్తగూడెము ప్రక్కనుండి పోవు ముర్రేడును దుద కీ నీటికే చేరును. మా యూరివారు ముర్రేడు వంతెన దినమునకు నాలుగు మాఱులు దాఁటుదురు. అది కిన్నెరసానికిఁ జెల్లెలని యెన్నఁడును దలఁపరు.

ఇంకొక విశేషము. 1948 వఱకు నీ నది మొదలునుండి తుదివఱకు నిజాము రాజ్యములోనిది. గోదావరి యావలి యొడ్డున భద్రాచలము మద్రాసు రాజధానిలోనిది. 1959లోఁగాని యది ఖమ్మము జిల్లాలోఁ గలియలేదు. కృష్ణాతీరమునఁ బుట్టిన కవి సరిహద్దు కావలనున్న యేటిని దన తెనుఁగింటి కోడలిగాఁ జూచెను. రాజ్యముల యెల్లలు చెఱుపకమునుపే యొక పాట వానిని దాఁటినది. ఈ మాట కావ్యవిమర్శకు లెవ్వరైనఁ జెప్పవలసినది. నదీగమన మెఱిఁగినఁగాని చెప్పుట కాదు.

ఇది మంచుకొండల నది కాదు. ఏడాది పొడుగునఁ గరఁగి దిగు నిధి దీనికి లేదు. వాన యిచ్చినంత త్రాగి, వాన యీయనినాఁడు మడుఁగులుగా విడిపోవు నేఱిది. ఆషాఢములో నొక్కరాత్రి కురిసిన వానకుఁ దెల్లవాఱుసరికి బురదరంగుతో ఱాళ్లను దొర్లించుకొని దిగును; వాన వెలిసిన కొలఁది దినములకే మోకాలిలోతునఁ దేటపడును. ఎండలు ముదిరిన వేళ నానకట్టకు ఎగువ నడవిలో నిసుక మిగులును, ఇసుక నడుమ నీటిగుంటలు మిగులును, ఆ గుంటలచుట్టు నడవి యంతయుఁ జేరును. కోపమున నొక్క పరుగు, తరువాతఁ దడఁబాటు, ఆ మీఁద నెండుట: కిన్నెరకుఁ గవి యిచ్చిన స్వభావము ఊహలోనిది కాదు, వానయేటి స్వభావమే యది. ఏటిని జూడనివానికి నిది కవి చమత్కారముగాఁ దోఁచును. చూచినవానికి సాక్ష్యముగాఁ దోఁచును. నదిని దెలిసికొనుటవలనఁ గావ్యము చిన్నదగునని భయపడువారికి నా సమాధానమింతే.

ఇఁక నా బాలిక మాట. గోదావరి కింత విశాలమైన పరీవాహకప్రాంతము గలదు. ఎక్కడో మహారాష్ట్రమునఁ గురిసిన వాన భద్రాచలమువద్ద నీటిని లేపును. పెద్దనది మట్టము చిన్నయేటి మట్టమును మించినప్పుడు చిన్నయేటి నీరు పోవ దారి లేక నిలిచి వెనుకకు మఱలును. జనులు దీనిని ‘ఎగదన్నుట’ యందురు. ఇంతకంటె సరియైన మాట యే నిఘంటువునను దొరకదు. భద్రాచలమువద్ద 53 అడుగుల మట్టమునకే మూఁడవ ప్రమాదహెచ్చరిక యిత్తురు. 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులు లేచినది. 2022 జూలైలో 71.3 అడుగులు. అట్టి దినములలోఁ గిన్నెరసాని గోదావరిలోఁ గలియదు. గోదావరియే కిన్నెరసానిలోనికి వచ్చి, బూర్గంపాడు చుట్టునున్న చేలను, ఇండ్లను ముంచును.

పాటలలో గోదావరి దిక్కులేని యాఁడుబిడ్డను జేరఁదీసిన తల్లివంటిది. ఆ చిత్రము మధురము, సంవత్సరములోఁ బెక్కు నెలలు సత్యమును. కాని యత్తింటినుండి పాఱివచ్చి తలుపు దట్టిన కూఁతును, ఇంటిలోఁ జోటు లేదనియో, పరువు పోవుననియో, వచ్చిన దారినే త్రిప్పి పంపిన పుట్టిండ్లు మన మెఱుఁగమా? నది మనకుఁ బ్రతి పెద్ద వఱదయందును జూపుచున్న యీ రెండవ కథను గవి వాడుకొనలేదు. వాడుకొనవలె ననుటకు నా కధికారము లేదు. కాని బోధకులమైన మనము, ‘కలిసినది’ అను మాటతోఁ బుస్తకము మూయక, ‘మఱి కలియనీయని దినములలో?’ అని పిల్లల నడిగితిమేని యా కావ్యము తరగతిలో నింకొక గంట బ్రదికి యుండెడిది. ఆ ప్రశ్న నేను వేయలేదు. వెనుకబల్లనుండి వచ్చినది.

ఈ నది యిరువైపుల నడవిని 1977లో నభయారణ్యముగాఁ బ్రకటించిరి. దాని వైశాల్యము 635 చదరపు కిలోమీటర్లు. టేకు, నల్లమద్ది, ఏగిస, తునికి, ఇప్ప, మోదుగ, వెదురు. నీటియొడ్డున మాత్రము తెల్లమద్ది. దానినే యేఱుమద్ది యందురు, పేరులోనే దాని కాఁపుర మున్నది. వేసవిలోఁ దక్కిన యడవి యాకు రాల్చి బూడిదరంగు దాల్చినను ఏటివెంట నొక పచ్చని గీఁత నిలుచును. టేకు మన కావ్యములలోని చెట్లవలె వసంతమునఁ బూయదు; వానలలోఁ బూయును. ఇప్ప మాత్రము వసంతమునకే పూచును. దాని పూవులు రాత్రి రాలును, కోయస్త్రీలు తెల్లవాఱకమునుపే బుట్టలతో నేరఁబోవుదురు. ఆ పూవు ఎలుఁగుబంటికిని బ్రియమైనది. చీఁకటిలో నొకే చెట్టుక్రింద నిద్దఱు నెదురుపడుదురు. గాయముల మచ్చలు గలవారు మా వైపు పల్లెలలో నున్నారు.

మృగములలోఁ జుక్కలదుప్పి, కణితి, మనుబోతు, అడవిదున్న, అడవిపంది, చిఱుత, దుమ్ములగొండి, నక్క, గుంపుగా వేఁటాడు రేచుకుక్కలు. ఈ పేళ్లు వరుసగాఁ జెప్పినంతమాత్రమున నేమియుఁ జెప్పినట్లు కాదు. మన ప్రబంధకవులు చేసినదియు నిదే గదా. కొండగొఱ్ఱె యను చిన్న మృగమును జూడుఁడు. మేకంత యుండును. మగదానికి నాలుగు కొమ్ములు, చెవుల నడుమ రెండు, నొసటిపై రెండు చిన్నవి. అడవిలోఁ బుట్టిన జంతువులలో నాలుగు కొమ్ములది ప్రపంచమున నిదియొక్కటే. మందగాఁ దిరుగదు, నీటికి దూరముగా నుండలేదు. వేసవిలో మడుఁగు లింకిన దాని బ్రదు కింకును. దుప్పికిని గొండముచ్చునకును గల పొత్తు చూడుఁడు. కొండముచ్చు చెట్టుపైనుండి తిని సగము క్రిందఁ బాఱవైచును. దుప్పి యది తినును. పైనున్నవాఁడు చిఱుతను ముందు చూచి యఱచును, క్రిందిది చెవి నిక్కించును. ‘పంచతంత్రము’ వ్రాసినవాఁడు దీనిని జూచియుండిన నింకొక కథ కల్పించియుండును.

మొసలి మాటయు జెప్పవలెను. జలాశయపు టొడ్డుల నెండకుఁ బండుకొను మొసలి మంచినీటి జాతి. వేసవి మొదటఁ దీరమున గుంట త్రవ్వి గ్రుడ్లు పెట్టును; రెండు నెలలకు, వానలు దగ్గఱపడు వేళకుఁ బిల్లలు వెడలును. తల్లి యా చప్పుడు విని మన్ను త్రవ్వి, పిల్లలను నోటఁ గఱచి నీటఁ జేర్చును. ఆ నోరు కఱకుఁదనమునకు మన సామెతలలో నెంత పేరు పడినదో తలఁచుకొనిన నవ్వు వచ్చును.

మన ప్రబంధములలోని వేఁటపట్టులలో సింహము లేని యడవి యుండదు. శరభము సయిత ముండును. నేఁ డీ దేశములో సింహము స్వేచ్ఛగాఁ దిరుగునది గుజరాతులోని గిరియడవిప్రాంతమందుఁ దక్క మఱెక్కడను లేదు. తెలుఁగుకవి తన పెరటిలోని కొండగొఱ్ఱెను విడిచి గ్రంథములోని సింహమును వేఁటాడించెను. సంస్కృతము చదివినవాఁడను గనుక నిది సంస్కృతపు దోషమని యనలేను. వాల్మీకి యరణ్యకాండములో గోదావరీతీరపు హేమంతమును వర్ణించుచు, దప్పిగొన్న యేనుఁగు చల్లనినీటికిఁ దొండము సోఁకించి చటుక్కున ముడుచుకొనుటను జెప్పెను. ఒడ్డున నిలిచి చూచినవాని మాట యది. మన మాదికవినుండి యలంకారము నేర్చికొంటిమి, కన్ను నేర్చికొనలేదు.

ఇంగ్లండులో వర్డ్సువర్తు డడ్డన్ అను చిన్ననదిని బుట్టుకనుండి సాగరమువఱకు వెంబడించి వ్రాసిన సానెట్ల మాలను 1820లోఁ బ్రకటించెను. అంతకు ముప్పది యేండ్లు ముందే, 1789లో, గిల్బర్టు వైటను గ్రామపురోహితుఁడు తన సెల్బర్న్ గ్రామపుఁ బక్షులు, పురుగులు, చెట్లు, వానలనుగూర్చి వ్రాసిన లేఖలు గ్రంథముగా వెలువడెను. పాటయు వచనమును నక్కడ నొకదాని కొకటి తోడు. మనకుఁ గిన్నెరసాని పాటలున్నవి. పాటకుఁ బ్రక్కన నుంచి బాలబాలికల చేతికీయఁదగిన కిన్నెరసాని వచనము మా పాఠశాల గ్రంథాలయములో నొక్క పుటయు లేదు. కవి లోపమా యిది? కాదు. వచనము వ్రాయవలసినవారము మనము. ఉపాధ్యాయులు, అటవీశాఖవారు, వైద్యులు, గనుల యింజనీర్లు.

ఈ నది పుట్టిన కొండలలోనే యింకొక స్త్రీకథ యున్నది. రెండేండ్ల కొకమాఱు మాఘమాసమున మేడారములో లక్షలాది జనులు కొలుచు సమ్మక్క కథ. పన్ను చెల్లింపుమని వచ్చిన కాకతీయసైన్యముతో నా కోయవీరవనిత పోరాడెననియు, కొడుకు జంపన్న వాగులోఁ బడి మరణించెననియు, ఆమె చిలకలగుట్టవైపు నడచిపోయి యదృశ్యురాలు కాఁగా నచటఁ గుంకుమభరిణె దొరకెననియుఁ జెప్పుదురు. ఒకే యడవి. ఒక కథలో స్త్రీ కరఁగి నీరైనది. ఇంకొక కథలో స్త్రీ పోరి కొండలోఁ జేరినది. మైదానపు గృహస్థకవి యూహించిన కోడలికిఁ గోపమునకుఁ దరువాత నేడ్పుతప్ప దారి లేదు. కోయల తల్లికి బల్లెమున్నది. ‘కిన్నెరసాని పాటలు’ బోధించునపుడు మన మీ రెండవ కథను బ్రక్కనఁ జెప్పకపోవుట సాహిత్యాభిరుచి కాదు, అలవాటు. అడవిని మనము మన యింటి దుఃఖమునకుఁ దెరగాఁ గట్టుకొంటిమి. అక్కడ నిల్లున్నవారిని దెరవెనుక నుంచితిమి.

ఇప్పటి నది కవి చూచిన నది కాదు. పాల్వంచలోని కొత్తగూడెము థర్మల్ విద్యుత్కేంద్రమునఁ దొలియంత్రము 1966లోఁ దిరిగినది. అందులకుఁ గావలసిన నీరు కిన్నెరసానిది. ఆ తొలియంత్రములు కాలము తీఱి నిలిచిపోయినవి, క్రొత్తవి నడచుచున్నవి. జలాశయపు నిండుమట్టము 407 అడుగులు. దానికి నీరు చేరవచ్చినపు డధికారులు దిగువపల్లెలను హెచ్చరించి గేట్లెత్తుదురు. బొగ్గు మా గనులది; 1871లో విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున గుర్తించిన నాఁటినుండి దాని కథ నడచుచున్నది. ఆ బొగ్గు సయితము ఇరువదియైదు కోట్ల యేండ్ల క్రిందటి యడవియే. నాలుకవంటి యాకులు గల, నేఁడు భూమిపై లేని చెట్లవి. ఆ యడవిని గాల్చుట కీ యడవి నీటిని మలఁచితిమి. విద్యుత్తు వలదనువాఁడను గాను. ఈ వ్యాసమును దీపము క్రిందనే వ్రాయుచున్నాను. కాని పాటలో ‘కిన్నెర నడకలు’ చదువుచు మైమఱచు చదువరి యొకఁడైన, ఆనకట్టకు దిగువన వేసవిలో నడచుటకామెకు నీరెంత విడుచుచున్నారని యడుగఁగా నేను వినలేదు. కోడలిగా నెఱిఁగినవానికిఁ గన్నీరు వచ్చును. ఏఱుగా నెఱిఁగినవానికిఁ బ్రశ్న వచ్చును. మనకు మొదటిది మాత్రమే యబ్బినది.

ఆ దినము తరగతి ముగిసిన పిదప నా బాలిక చేతికి రూళ్లపుస్తక మొకటి యిచ్చి, ఏటియొడ్డునఁ దాను జూచినది తేదీ వేసి వ్రాయుమంటిని. వ్యాకరణము దిద్దనని మాట యిచ్చితిని. నెల గడచిన తరువాత నామె పుస్తకము తెచ్చినది. అందులో నొక పుట నామె యనుమతితో నున్నదున్నట్లు దిగువ నిచ్చుచున్నాను.

“శనివారం. నీళ్లు రేవుకాడి మద్దిచెట్టు మొదట్లకు వచ్చినయి. కిన్నెరసాని ఎగదన్నింది. నీళ్లు అటు పోతలేవు, ఇటు పోతలేవు, తిరుగుతున్నయి. కొంగలు గట్టు మీద కూసున్నయి, చెట్టు మీదకు పోలే. మా నాయనమ్మ కొంగలు చెట్టెక్కినంక మనం లేవాలె అన్నది. అమ్మ మూటలు కట్టి పెట్టింది.”